ఆగిన సొమ్ము - అడిగే హక్కు

సొమ్ము పోగొట్టుకోవడం మనిషికి ఒక బాధ. పోకుండానే, కళ్ల ముందు కనబడుతూనే చేతికి రాకపోవడం మరో బాధ. పోయినదాన్ని మనిషి నాలుగు రోజులు తలచుకుని, అల్లాహ్ మీద భారం వేసి మరచిపోగలడు. కాని ఖాతాలో అంకెలు నిక్షేపంగా ఉండి, ఇంటి అద్దెకో, పిల్లల ఫీజుకో, ఆసుపత్రి ఖర్చుకో పది రూపాయలు కూడా తీయడానికి వీల్లేదని బ్యాంకు చెబితే అతడు ఏమి చేయాలి? ఓర్చుకుని కూర్చోవాలా? కొట్లాడాలా? ఎవరో ఒకరి చేతిలో ఎంతో కొంత పెట్టి పని జరిపించుకోవాలా? ఈ ప్రశ్న నేడు చాలా ఇళ్లలో తలెత్తుతోంది. ఇది డబ్బుకు సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. న్యాయానికి, అమానతుకు, సహనానికి సంబంధించిన ప్రశ్న కూడా. కనుక దీన్ని ధర్మం వెలుగులో కాస్త నిదానంగా పరిశీలించడం అవసరం.

ఖాతా ఎందుకు ఆగుతుంది?

ఖాతా ఆగిపోవడానికి కారణాలు రెండు రకాలు. మొదటి రకం బ్యాంకు తనంతట తానుగా ఆపడం. గుర్తింపు పత్రాలు, అంటే కెవైసి, సకాలంలో ఇవ్వలేదని ఆపుతారు. రెండేళ్లకు పైగా లావాదేవీలేవీ జరగలేదని ఖాతాను పక్కన పెడతారు. ఇవి కాగితాలతో తీరే సమస్యలు. పక్కన పెట్టిన ఖాతాను తిరిగి తెరవడానికి రుసుము తీసుకోకూడదని, అలాంటి ఖాతాలో కనీస నిల్వ లేదని జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. ఈ సంగతి తెలియక అడిగినంతా చెల్లించి వచ్చేవారు ఉన్నారు.

రెండవ రకం పోలీసుల సూచన మీద ఆగడం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2016లో యుపిఐ చెల్లింపులు మొదలైన తర్వాత కూరగాయల బండి మొదలుకొని నగల దుకాణం దాకా డబ్బు ఫోను మీదనే చేతులు మారుతోంది. మోసగాళ్లు కూడా అదే దారి పట్టారు. సైబర్ మోసానికి గురైనవారు 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేస్తే, డబ్బు ఏ ఖాతాలోకి వెళ్లిందో ఆ బ్యాంకుకు సమాచారం అందుతుంది. డబ్బు అక్కడే ఉంటే ఆపుతారు. అప్పటికే మరో ఖాతాకు వెళ్లిపోయి ఉంటే ఆ ఖాతా వెంట, అక్కడి నుంచి ఇంకో ఖాతా వెంట ఫిర్యాదు కూడా వెళుతుంది.

ఒక ఉదాహరణ ఊహించుకోండి. హైదరాబాదులో ఒక చిన్న సెల్‌ఫోన్ల దుకాణం. ఎవరో ఒక కుర్రవాడు వచ్చి 8,000 రూపాయల ఫోను కొన్నాడు. డబ్బు ఖాతాలో పడింది. దుకాణదారుడు సరుకు ఇచ్చాడు, బిల్లు రాశాడు. వ్యవహారం ముగిసింది. నెల తిరగకముందే అతని ఖాతా ఆగిపోయింది. కారణం, ఆ 8,000 మరో రాష్ట్రంలో మోసపోయిన ఒక వృద్ధుడి పింఛను డబ్బట. అది మూడు నాలుగు ఖాతాలు తిరిగి ఇక్కడికి వచ్చిందట. ఆగింది 8,000 మాత్రమే కాదు. ఖాతాలో ఉన్న 2,40,000 రూపాయలూ ఆగిపోయాయి. బ్యాంకును అడిగితే పోలీసులను అడగమంటారు. ఆ పోలీస్ స్టేషను వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఇది ఊహించిన ఉదాహరణే అయినా, ఇలాంటి ఫిర్యాదులతో దేశంలో అనేకమంది హైకోర్టుల తలుపులు తట్టారు.

బ్యాంకులోని సొమ్ము అమానతా, అప్పా?

మనం బ్యాంకులో వేసిన డబ్బు ఎవరిది? మనదేనని అందరూ అంటారు. మనం దాచుకున్నాం కాబట్టి అది అమానతు అనుకుంటాం. చట్టం దాన్ని మరో విధంగా చూస్తుంది. బ్యాంకు ఖాతాదారుకు బాకీపడిన రుణగ్రస్తుడు మాత్రమేనని, సొమ్ముకు కావలిదారు కాదని 1848లో ఇంగ్లండు ప్రభువుల సభ ఒక కేసులో తేల్చింది. ఆ సూత్రాన్నే మన దేశంలోని బ్యాంకు చట్టం కూడా అనుసరిస్తోంది.

ఈ తేడా ఇస్లామీయ చరిత్రకు కొత్త కాదు. హజ్రత్ జుబైర్ బిన్ అవామ్ (రజి) వద్దకు ప్రజలు తమ సొమ్ము దాచమని తెచ్చేవారు. ఆయన దాన్ని అమానతుగా తీసుకోవడానికి ఒప్పుకునేవారు కాదు. అప్పుగా ఇస్తేనే తీసుకుంటాననేవారు. ఎందుకంటే అమానతు సొమ్ము కావలిదారుడి తప్పు లేకుండా పోతే దాన్ని చెల్లించవలసిన బాధ్యత అతని మీద ఉండదు. అప్పు అయితే ఏమి జరిగినా తీర్చి తీరాలి. అంటే నష్టభయం ప్రజల మీద పడకుండా ఆయన తన మీద వేసుకున్నారన్నమాట. ఆయన అమరులైన తర్వాత లెక్క చూస్తే అప్పు 22 లక్షలు తేలిందని సహీహ్ బుఖారీ గ్రంథంలో ఉంది. ఆయన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) ఆస్తి అమ్మి ఆ అప్పు తీర్చారు. అంతటితో ఆగలేదు. తన తండ్రి నుంచి రావలసినవారు ఎవరైనా ఉంటే వచ్చి తీసుకోవచ్చని నాలుగేళ్లపాటు హజ్ సమయంలో చాటింపు వేయించారు. ఆ తర్వాతనే మిగిలినదాన్ని వారసులకు పంచారు.

ఇచ్చేవాడు ఎలా ఉండాలో ఈ సంఘటన చూపుతోంది. పుచ్చుకోవలసినవాడు తలుపు తలుపు తిరగలేదు. ఇవ్వవలసినవాడే అతన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. నేడు మన ఖాతాదారుడు తన సొమ్ము కోసం ఎన్ని గడపలు ఎక్కుతున్నాడో గుర్తు చేసుకుంటే ఈ రెండు కాలాల మధ్య దూరం తెలుస్తుంది.

కనుక బ్యాంకులోని సొమ్మును అమానతు అనుకున్నా, అప్పు అనుకున్నా ఫలితం ఒక్కటే. అమానతులను వాటి యజమానులకు అప్పగించాలని, ప్రజల మధ్య న్యాయంగా తీర్పు చేయాలని అన్ నిసా సూరాలో అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఇవ్వగలిగి ఉండి కూడా అప్పు తీర్చడంలో జాప్యం చేయడం దౌర్జన్యమని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. చేతిలో ఉన్న పరుల సొమ్మును తగిన కారణం లేకుండా ఒక్కరోజు ఆపినా అది ఆపినవారి లెక్కలోకి వస్తుంది.

ఆపడం న్యాయమయ్యేది ఎప్పుడు?

అలాగని ఖాతాను ఆపడమే తప్పు అనలేము. మన ఉదాహరణలోని వృద్ధుణ్ణి కూడా గుర్తుంచుకోవాలి. అతడు జీవితమంతా కష్టపడి కూడబెట్టింది ఒక్క ఫోను కాల్‌తో పోయింది. ఆ డబ్బును వెంటనే ఎక్కడో ఒకచోట ఆపకపోతే సాయంత్రానికి పది ఖాతాలు దాటిపోతుంది. దొంగ సొమ్మును ఆపడం బాధితునికి చేసే సహాయం. దుకాణదారుడికి కోపం రావడం సహజమే అయినా, ఆ వృద్ధుడు తన శత్రువు కాదని, తమ ఇద్దరికీ అన్యాయం చేసినవాడు ఒక్కడేనని అతడు గ్రహించాలి.

మరి హద్దు ఎక్కడుంది? మూడు విషయాలు చూడాలి.

మొదటిది, నిర్ధారణ. ఏదైనా సమాచారం వస్తే దాన్ని విచారించి తెలుసుకోవాలని, తెలియకుండా ఎవరికైనా హాని తలపెట్టి తర్వాత పశ్చాత్తాపపడే పరిస్థితి తెచ్చుకోవద్దని అల్ హుజురాత్ సూరా బోధిస్తోంది. వేగంగా ఆపవలసి రావచ్చు. కాని ఆపిన తర్వాత విచారణ కూడా అంతే వేగంగా జరగాలి. ఆపడానికి ఒక్క నిమిషం, అడగడానికి ఆరు నెలలు అంటే అది విచారణ కాదు, మరచిపోవడం.

రెండవది, పరిమాణం. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ పలుచోట్ల నొక్కి చెప్పిన సూత్రం. అనుమానం 8,000 మీద ఉంటే ఆ 8,000 ఆపవచ్చు. మిగిలిన 2,32,000 మీద ఎవరికి ఏ ఆరోపణా లేదు. దాన్ని ఆపడానికి ఆధారం ఏమిటి? 2023లో కేరళ హైకోర్టు ఇలాంటి అనేక పిటిషన్లను విచారించి, పోలీసులు పేర్కొన్న మొత్తానికే నిలుపుదలను పరిమితం చేయాలని బ్యాంకులను ఆదేశించింది. మనస్సాక్షి చెప్పే మాటే కోర్టూ చెప్పింది.

మూడవది, జవాబుదారీ. బ్యాంకు ఖాతా కూడా పోలీసులు స్వాధీనపరచుకోదగిన ఆస్తి కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1999లో తేల్చింది. అయితే అలా స్వాధీనపరచుకున్నప్పుడు ఆ సంగతిని వెంటనే మేజిస్ట్రేటుకు తెలియజేయాలని చట్టంలోనే ఉంది. పాత నేర శిక్షాస్మృతిలో అది 102వ సెక్షను. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 106వ సెక్షను. అధికారం ఇచ్చిన చట్టమే దానికి కళ్లెం కూడా వేసింది. కళ్లెం వదిలేసి అధికారం మాత్రమే వాడుకుంటే అది న్యాయం అనిపించుకోదు.

రెండు రకాల తూకాలు

ఇక్కడ మరో విషయం కూడా ఆలోచించాలి. ఖాతా ఆగిన మనిషికి అదే బ్యాంకులో ఒక అప్పు ఉందనుకోండి. నెల వాయిదా కట్టవలసిన రోజు వచ్చింది. ఖాతాలో డబ్బు ఉంది. కాని ఖాతా ఆగి ఉంది కాబట్టి వాయిదా చెల్లలేదు. వాయిదా చెల్లలేదు కాబట్టి జరిమానా పడింది. తన సొమ్మును తనకు ఇవ్వకుండా ఆపి, ఇవ్వలేదని అతని మీదే అపరాధ రుసుము వేయడం ఎంత విచిత్రం! వడ్డీ నిషిద్ధమన్న విషయం అలా ఉంచినా, ఈ ఒక్క వ్యవహారమే మనిషి మనసును పిండేస్తుంది.

అల్ ముతఫ్ఫిఫీన్ సూరా ప్రారంభంలో తూకంలో దగా చేసేవారి గురించి తీవ్రమైన హెచ్చరిక ఉంది. వారు తమకు రావలసింది కొలిపించుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుంటారు. ఇతరులకు ఇవ్వవలసినప్పుడు తగ్గించి ఇస్తారు. తక్కెడ అంటే అంగట్లో వేలాడే తక్కెడ ఒక్కటే కాదు. గడువు కూడా ఒక తూకమే. తనకు రావలసిన వాయిదా ఒక్కరోజు ఆలస్యమైతే సహించని సంస్థ, తాను ఇవ్వవలసిన జవాబును నెలల తరబడి వాయిదా వేస్తే అక్కడ రెండు రాళ్లు ఉన్నట్టే.

హిల్‌ఫుల్ ఫుజూల్ చెప్పే పాఠం

తన సొమ్ము ఆగిపోయిన మనిషి గట్టిగా అడిగితే అది సహనానికి విరుద్ధమా? కొందరు ధార్మిక ప్రవృత్తి గలవారు అలాగే భావిస్తారు. విధిరాత అనుకుని ఊరుకోవడమే ఈమాన్‌కు తగిన పని అనుకుంటారు. వారు మక్కాలో జరిగిన ఒక సంఘటనను గుర్తు చేసుకోవాలి.

యమన్‌కు చెందిన జుబైద్ తెగ వర్తకుడొకడు సరుకుతో మక్కా వచ్చాడు. ఖురైష్ పెద్దల్లో ఒకడైన ఆస్ బిన్ వాయిల్ ఆ సరుకు కొన్నాడు. ధర మాత్రం ఇవ్వలేదు. పరదేశి అయిన ఆ వర్తకుడు కొన్ని తెగల పెద్దల వద్దకు వెళ్లి మొర పెట్టుకున్నాడు. వారు అతన్నే కసురుకున్నారు. ఆస్ పలుకుబడి గలవాడు, వర్తకుడికి ఊళ్లో దిక్కు లేదు. అప్పుడు అతడు అబూఖుబైస్ కొండ ఎక్కి, కాబా చుట్టూ ఖురైష్ జనం కూర్చుని ఉన్న సమయంలో గొంతెత్తి తన గోడు చెప్పుకున్నాడు. ఆ కేక వృథా పోలేదు. దైవప్రవక్త (స) తండ్రి సోదరులొకరు చొరవ తీసుకున్నారు. అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో కొన్ని తెగలవారు సమావేశమై, మక్కాలో అన్యాయానికి గురైనవాడు స్వదేశీ అయినా పరదేశీ అయినా అతని హక్కు అతనికి దక్కేవరకు అతని పక్షాన నిలుస్తామని ప్రమాణం చేశారు. తర్వాత ఆస్ దగ్గరికి వెళ్లి వర్తకుడికి రావలసింది ఇప్పించారు. అదే హిల్‌ఫుల్ ఫుజూల్ ఒప్పందం.

ఆ సమావేశంలో యువకులైన ముహమ్మద్ (స) కూడా పాల్గొన్నారు. దైవదౌత్యం లభించిన తర్వాత కూడా ఆయన ఆ ఒప్పందాన్ని గొప్పగా తలచుకునేవారు. ఇస్లాం వచ్చిన తర్వాత తనను అలాంటి ఒప్పందానికి పిలిచినా స్పందిస్తానని తెలిపారు.

ఈ గాథలో రెండు పాఠాలున్నాయి. తన హక్కు కోసం కొండెక్కి కేక వేసిన ఆ వర్తకుణ్ణి ఎవరూ అసహనపరుడని నిందించలేదు. సహనం అంటే నోరు మూసుకోవడం కాదు. సత్యమార్గం తప్పకుండా, నిరాశ చెందకుండా, చివరిదాకా నిలబడటం. రెండో పాఠం మనలో మిగతావారికి. ఆ కేక విన్నవారు తమ సొమ్ము పోలేదు కదా అనుకోలేదు.

ఎలా అడగాలి?

హక్కును అడగడం ఎంత ముఖ్యమో, అడిగే పద్ధతి కూడా అంతే ముఖ్యం.

ముందుగా వ్యవహారాన్ని రాతలో పెట్టాలి. రుణ వ్యవహారాలను రాసుకోవాలని అల్ బఖర సూరాలోని సుదీర్ఘ వాక్యం ఆజ్ఞాపిస్తోంది. కౌంటరు దగ్గర నోటితో పదిసార్లు చెప్పినదానికంటే ఒక్క ఉత్తరానికి ఎక్కువ విలువ ఉంటుంది. ఖాతా ఏ తేదీన ఆగింది, ఎవరి ఆదేశం మీద ఆగింది, ఎంత మొత్తం మీద అనుమానం ఉంది, ఫిర్యాదు సంఖ్య ఎంత అనే నాలుగు ప్రశ్నలు రాసి బ్యాంకు మేనేజరుకు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. అనుమానించిన మొత్తాన్ని ఉంచుకుని మిగిలినది వదలమని ఆ ఉత్తరంలోనే కోరాలి. సరుకు బిల్లు, జీతం పత్రం, ఒప్పందం, ఏది ఉంటే దాని నకలు జతచేయాలి. అదే ఆధారాలతో దర్యాప్తు అధికారికి కూడా రాయాలి.

లోపం బ్యాంకుదే అయితే, ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అవసరం లేదు. కాని పోలీసుల ఆదేశం మేరకు బ్యాంకు ఆపిన విషయంలో అంబుడ్స్‌మన్ జోక్యం చేసుకోరు. అక్కడ మేజిస్ట్రేటు కోర్టులో గాని, హైకోర్టులో గాని అర్జీ పెట్టుకోవచ్చు. స్త్రీలకు, తక్కువ ఆదాయం గలవారికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా వకీలు సహాయం లభిస్తుంది. ఈ తేడా తెలియక నెలల తరబడి తప్పు గుమ్మం ముందు నిలబడేవారే ఎక్కువ.

ఈ దారిలో ఒక పెద్ద పరీక్ష ఎదురవుతుంది. ఎంతో కొంత ఇస్తే రెండు రోజుల్లో ఖాతా తెరిపిస్తామని చెప్పే మధ్యవర్తులు తారసపడతారు. అవసరం గొంతు మీద కూర్చున్నప్పుడు ఆ మాట తియ్యగా ఉంటుంది. కాని పరస్పరం సొమ్మును అన్యాయంగా తినకూడదని, అందుకోసం అధికారులకు ఎర చూపకూడదని ఖుర్ఆన్ వారిస్తోంది. పైగా అలాంటి మధ్యవర్తుల్లో మోసగాళ్లు కూడా ఉంటారు. ఒకసారి మోసపోయినవాడు అదే గాయం మీద రెండో దెబ్బ తింటాడు. అలాగే త్వరగా పని కావాలని లేని బిల్లు సృష్టించడం, దొంగ పత్రం జతచేయడం కూడా నిషిద్ధమే. హక్కును అబద్ధంతో సాధించుకుంటే హక్కు చేతికి వస్తుంది, అబద్ధం పద్దులో మిగిలిపోతుంది.

ఖాతా మన పేరునే ఉంటుంది

మన వంతు తప్పు లేకుండా చూసుకోవడం కూడా న్యాయంలో భాగమే. నేడు కొందరు విద్యార్థులు, నిరుద్యోగులు కాస్త కమీషనుకు ఆశపడి తమ ఖాతాను, ఎటిఎం కార్డును, సిమ్‌ను ఇతరులకు ఇస్తున్నారు. మోసగాళ్లు ఆ ఖాతాల ద్వారానే దొంగ సొమ్మును దాటిస్తారు. వీటినే మ్యూల్ ఖాతాలంటున్నారు, అంటే బరువు మోసే కంచర గాడిదల వంటివి. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తనకు తెలియదని తర్వాత చెప్పినా ఫలితం ఉండదు. తెలుసుకోకుండా ఉండటానికే ఆ కమీషను ముట్టింది. చెడులో సహకరించుకోవద్దన్నది అల్ మాయిదా సూరాలోని స్పష్టమైన ఆదేశం. తల్లిదండ్రులు ఈ విషయాన్ని తమ పిల్లలకు నేడే చెప్పాలి.

తెలియని వ్యక్తి నుంచి పొరపాటున డబ్బు మన ఖాతాలో పడితే దాన్ని ఖర్చు చేయకుండా, ఫోనులో అడిగినవాడికి నేరుగా పంపకుండా, ముందు బ్యాంకుకు తెలియజేయాలి. అది మన చేతికి వచ్చిన పరుల సొమ్ము. అసలు యజమాని ఎవరో తేలేవరకు దాన్ని కాపాడటం మన బాధ్యత.

కౌంటరుకు అటువైపు ఉన్నవారికి

ఈ పత్రిక చదివేవారిలో బ్యాంకు ఉద్యోగులు, ప్రభుత్వోద్యోగులు కూడా ఉంటారు. వారికి ఒక మనవి. ఆపమన్న ఆదేశం పైనుంచి వచ్చి ఉండవచ్చు. దాన్ని మార్చడం మీ చేతిలో లేకపోవచ్చు. కాని కారణం చెప్పడం మీ చేతిలో ఉంది. ఉత్తరం తీసుకుని ముద్ర వేయడం, ఏ స్టేషను నుంచి ఆదేశం వచ్చిందో కాగితం మీద రాసి ఇవ్వడం, అనుమానించిన మొత్తం ఎంతో పోలీసులను అడిగి తెలుసుకోవడం మీ చేతిలో ఉన్నాయి.

ఒకసారి ఒక అప్పులవాడు దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చి తన బాకీ కోసం పరుషంగా మాట్లాడాడు. సహాబాలకు కోపం వచ్చి అతని మీదికి వెళ్లబోయారు. ఆయన వారిని వారించారు. హక్కు ఉన్నవాడికి మాట్లాడే అధికారం కూడా ఉంటుందని తెలిపారు. పైగా అతనికి రావలసినదానికంటే మేలైనదే ఇప్పించారు. సొమ్ము ఆగినవాడు కౌంటరు దగ్గర గొంతు పెంచితే కసురుకునే ముందు ఈ ఆదర్శాన్ని తలచుకోవాలి. హిజ్రత్ రాత్రి తన ప్రాణం తీయడానికి పన్నాగం పన్నిన ఊరివారి అమానతులను సైతం వారికి చేర్చడానికి హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచి వెళ్లిన మహనీయుడాయన. శత్రువు సొమ్ముకే అంత భద్రత ఉన్నప్పుడు, ఏ నేరమూ రుజువు కాని ఒక సామాన్య ఖాతాదారు సొమ్ముకు ఎంత భద్రత ఉండాలి?

పక్కింటి బాధ్యత

ఖాతా ఆగిన ఇంట్లో డబ్బు ఉండీ పొయ్యి వెలగని పరిస్థితి వస్తుంది. అతడు పేదవాడు కాదు కాబట్టి ఎవరినీ చేయి చాచి అడగలేడు. నిన్నటిదాకా దానం ఇచ్చినవాడే అయి ఉండవచ్చు. ఇలాంటివారిని గుర్తించడం బస్తీవారి బాధ్యత. కష్టంలో ఉన్న రుణగ్రస్తుడికి వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలని ఖుర్ఆన్ చెబుతోంది. కనుక ఇంటి యజమాని అద్దెకు నెల గడువు ఇవ్వవచ్చు. కిరాణా వ్యాపారి ఖాతా రాసుకోవచ్చు. బంధువు వడ్డీ లేని చేబదులు ఇవ్వవచ్చు. చదువుకున్న కుర్రవాడు అర్జీ రాసిపెట్టవచ్చు. మస్జిద్ కమిటీలో వకీలు ఉంటే ఒక గంట కేటాయించవచ్చు. అన్నిటికంటే ముందు, ఖాతా ఆగిందంటే ఏదో చేసే ఉంటాడని గుసగుసలాడకుండా ఉండవచ్చు. దీనికి ఖర్చు కూడా లేదు. హిల్‌ఫుల్ ఫుజూల్‌ను మెచ్చుకోవడం తేలిక. మన వీధిలో దాన్ని ఆచరించడమే అసలు పని.

తీర్పుదినాన ఏ ఖాతా స్తంభించదు. ఇచ్చినవారు, ఆపినవారు, అడిగినవారు, చూస్తూ ఊరుకున్నవారు అందరూ తమ తమ పద్దులతో నిలబడతారు. అక్కడ మరో కౌంటరుకు పంపించేవారు ఉండరు. ఆ దినం రాకముందే మన దగ్గర ఆగివున్న పరుల హక్కులేవో ఈ రోజే ఒకసారి లెక్క చూసుకుందాం. తీసుకుని తిరిగివ్వని చేబదులు, పనివాడికి బాకీపడిన కూలి, పంచకుండా ఆపిన సోదరీమణుల వారసత్వపు వాటా కూడా ఆపిన సొమ్మే.

పరుల హక్కును ఆపకుండా ఉండే భయభక్తులను, మన హక్కును ధర్మబద్ధంగా అడిగే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.